లంచమునకు ముద్దుపేర్లు

పాఠ్యభాగములు: ద్వితీయోపదేశకాండము 16:18–20, అపొస్తలుల కార్యములు 24:24–27, యాకోబు 1:13–15



మన తెలుగులో లంచమునకు ఎన్ని పేర్లున్నవో లెక్కించి చూడుడి. కచేరీలో ఇచ్చినయెడల అది "మామూలు". బంట్రోతు చేతిలో పెట్టినయెడల "కాఫీ ఖర్చు". పెద్ద అధికారి యింటికి పండుగనాడు పంపినయెడల "కానుక". గుత్తపనులలో చేతులు మారినయెడల "ముడుపు". లంచమను అసలు మాట ఎదుటివాడు పుచ్చుకొన్నప్పుడే మన నోటికి వచ్చును. పాపమునకు దాని పేరు పెట్టనిదే దానిని ఒప్పుకొనుట సాధ్యము కాదు గనుక, ఈ నెల ఈ మాటలనే వాక్యపు వెలుగులో పరిశీలింతము.

1. మన వాడుక మాటలు

"మామూలు" ఉర్దూనుండి వచ్చిన మాట. అలవాటైనది అని దాని అర్థము. అలవాటైనంత మాత్రమున తప్పు ఒప్పగునా? "ముడుపు" అనగా మ్రొక్కుబడి చెల్లించుటకై గుడ్డలో ముడివేసి దాచిన సొమ్ము. భక్తికి సంబంధించిన ఆ మాట నేడు దొంగసొమ్మునకు ముసుగైనది. ఇంకొక సంగతి గమనించుడి. పుచ్చుకొనువానిని "లంచగొండి" అందుము. "లంచము తిన్నాడు" అని నిందింతుము. ఇచ్చువానికి మన వాడుకలో అట్టి నిందపేరు లేదు. "ఏమి చేయుదుము, పని జరుగవలెను గదా" అని సరిపెట్టుకొందుము.

2. కన్నులను మూయునది

పాత నిబంధనలో లంచమునకు వాడబడిన హెబ్రీ మాట "షోహద్". మోషే ధర్మశాస్త్రము దానిని న్యాయాధిపతులకు నిషేధించుచు, అది జ్ఞానుల కన్నులకే గ్రుడ్డితనము కలిగించునని హెచ్చరించుచున్నది. బుద్ధిహీనుల కన్నులకని చెప్పలేదు. చదువుకొన్నవాడును, పెద్దమనిషియు పుచ్చుకొన్న తరువాత ఇచ్చినవాని పక్షముననే చూచును.

యూదా రాజైన ఆసా సిరియా రాజునకు వెండి బంగారములను పంపినప్పుడు (1 రాజులు 15:19) వాడబడినదియు ఈ మాటయే. అనేక తర్జుమాలలో అచ్చట "కానుక" అని యున్నది. అది పంపబడినది స్నేహముచేత మాత్రమే కాదు. బెన్హదదు ఇశ్రాయేలు రాజుతో చేసికొన్న నిబంధనను భంగము చేయవలెనని. రాజు పంపినను, రైతు పంపినను, ఒకని మాట తప్పించుటకిచ్చిన సొమ్ము లంచమే.

3. గాలమునకు గ్రుచ్చిన ఎర

లంచమునకు తోబుట్టువు ప్రలోభము. దెలీలా సమ్సోనును వంచింపవలెనని ఫిలిష్తీయుల సర్దారులు కోరినప్పుడు (న్యాయాధి. 16:5) హెబ్రీలో "పాతా" అను క్రియ యున్నది. ప్రతి మాటను నమ్మెడి అమాయకునికి సామెతల గ్రంథములో ఉన్న పేరు దీనికి సంబంధించినదే. ఆ సర్దారులు సమ్సోనునకు ప్రలోభమును, దెలీలాకు తలకు 1,100 వెండి నాణెములను సిద్ధపరచిరి. ఒకరిని ఆశపెట్టుటకు మరియొకరికి లంచము! ఈ రెండును తరచుగా కలిసియే నడుచును.

యాకోబు పత్రికలో "మరులు కొల్పబడి" అని మనము చదువు చోట గ్రీకు మాట ఎరనుండి పుట్టినది. చేపకు ఎర కనబడును, గాలము కనబడదు. ఎర వేయువాడు చేప ఆకలిని ఎరిగియే వేయును. కాబట్టి వేసినవానిని దూషించుటతో మన పని తీరదు. మనలో ఏ ఆశ నోరు తెరచుకొని యున్నదో చూచుకొనవలెను.

4. కానుకయా, లంచమా?

కానుకలన్నియు లంచములు కావు. ఈ మూడు ప్రశ్నలతో వేరుపరచవచ్చును. పదిమంది యెదుట ఇయ్యగలమా? ఆ మనుష్యుడు ఆ ఉద్యోగములో లేకున్నను ఇత్తుమా? మన పని జరుగకపోయినను ఇచ్చినందుకు సంతోషింతుమా?

అయితే బీద విధవరాలు తనకు న్యాయముగా రావలసిన పింఛను కొరకు నెలల తరబడి త్రిప్పబడి, తుదకు కన్నీళ్లతో ఇచ్చిన నోటు సంగతి యేమి? ఆమెను న్యాయము కొన్నవానితో సమానముగా ఎంచరాదు. ఆమె దోచుకొనబడినది. బాప్తిస్మమిచ్చు యోహాను సుంకరులను, సైనికులను గద్దించెను గాని వారిచేత పీడింపబడినవారిని గద్దింపలేదు. మన దేశపు చట్టము కూడ ఈ భేదమును ఎరుగును. 1988 నాటి అవినీతి నిరోధక చట్టము 2018లో సవరింపబడి, లంచమిచ్చువానిని కూడ నేరస్థునిగా ఎంచుచున్నది. కాని బలవంతముచేత ఇచ్చినవారు 7 దినములలోగా దర్యాప్తు అధికారులకు తెలియజేసినయెడల వారికి ఆ శిక్ష లేదు. అట్టి విధవరాలి వెంట కచేరీకి నడచుట సంఘపెద్దల పని. ఒంటరిగా వచ్చినవారిని త్రిప్పినంత సులభముగా నలుగురిని త్రిప్పజాలరు.

5. మన యింటి ముంగిట

ఎన్నికల ముందు రాత్రి తలుపు తట్టి ఇచ్చెడి నోటు విషయమై "వారి సొమ్మేమి, మన సొమ్మే గదా" అని కొందరు విశ్వాసులును అందురు. ఓటునకు సొమ్మిచ్చుటయే గాక పుచ్చుకొనుటయు 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టములో అవినీతి చర్యగా చెప్పబడినది. మన సొమ్మే అయినయెడల చీకటిలో ఏల పుచ్చుకొనవలెను?

సంఘ కమిటీ ఎన్నికలలోను విందులు, చీరెలు, ప్రయాణపు ఖర్చులు కానవచ్చుచున్నవని చెప్పక తప్పదు. పరిశుద్ధాత్మ వరమును ద్రవ్యముతో కొనగోరిన సీమోనును పేతురు ఎట్లు గద్దించెనో అపొస్తలుల కార్యములు 8వ అధ్యాయములో చదువుడి. పైకముతో గెలిచిన పెద్దరికము ఆ పైకమును తిరిగి రాబట్టుకొన జూచును. అప్పుడు నష్టపోవునది కానుకల పెట్టెయే.

పౌలును చూడుడి. తన జనులకు దానద్రవ్యము తెచ్చినవాడు ఆయన. ఫేలిక్సు ఆయన చేతినుండి ద్రవ్యము దొరకునని ఆశించి మాటిమాటికి పిలిపించెను. ఆ ఆశ నెరవేరినట్టు ఎచ్చటను వ్రాయబడలేదు. రెండు సంవత్సరములు గడచిన తరువాతను పౌలు బంధకములలోనే యుండెను. నీతికి ఖరీదు లేదని మేము చెప్పము. అది కొన్నిసార్లు రెండేండ్లంత ఖరీదైనది.

6. లంచము పుచ్చుకొనని దేవుడు

ద్వితీయోపదేశకాండము 10:17, 18 వచనములను కలిపి చదువుడి. దేవుడు లంచము పుచ్చుకొనడని చెప్పిన వెంటనే, ఆయన తండ్రిలేనివారికిని విధవరాండ్రకును న్యాయము తీర్చుననియు, పరదేశులను ప్రేమించుననియు వ్రాయబడినది. ఇచ్చుటకేమియు లేనివారు వీరే. ఆయన లంచము పుచ్చుకొనువాడైతే మనలో ఎవరికి నిరీక్షణ యుండును? మన కానుకలు ఆయనను త్రిప్పుకొనుటకు వేసిన ఎరలు కాకుండును గాక. ఉచితముగా పొందినవారి కృతజ్ఞతయై యుండును గాక.

కుటుంబ ప్రార్థనలో ఆలోచించుటకు:

1. మన యింటిలో ఏ లంచమును ఏ ముద్దుపేరుతో పిలుచుచున్నాము?
2. మనలను పట్టుటకు ఏ ఎర చాలును?
3. ఈ నెలలో కచేరీకి ఎవరికి తోడు వెళ్లగలము?