పాతబస్తీ గుర్రాల మేత, నడత: విస్తరణ శాస్త్రవేత్తలకు ఒక అధ్యయన పాఠం

సారాంశం

హైదరాబాద్ పాతబస్తీలో పెళ్లి ఊరేగింపులపై ఆధారపడి గుర్రాలను పోషించే కుటుంబాలు నేటికీ ఉన్నాయి. కరవడం, తన్నడం, బెదరడం వంటి నడతను పోషకులు తరచుగా గుర్రపు జాతి దోషంగానో, పొగరుగానో భావిస్తారు. ఇటువంటి నడతకు మేత కొరత, ఒంటరితనం, కదలిక లేమి, నొప్పి ముఖ్య కారణాలు కావచ్చు. ఈ వ్యాసం విశాల క్షేత్రాల్లో గుర్రం గడిపే జీవనాన్ని నగరంలోని కొట్టంతో పోల్చి, పశుగ్రాస విజ్ఞానం ద్వారా గుర్రం నడతను ఎంతవరకు సరిదిద్దవచ్చునో వివరిస్తుంది.

పరిచయం

పశుపోషణ విస్తరణ అనగానే పాడి గేదె, గొర్రె, కోడి గుర్తుకు వస్తాయి. గుర్రం ఆ వరుసలో సాధారణంగా కనిపించదు. 2019లో జరిగిన 20వ పశుగణన ప్రకారం దేశంలో గుర్రాలు, పోనీల సంఖ్య సుమారు 3.4 లక్షలు. 2012తో పోలిస్తే ఇది 45.6 శాతం తగ్గుదల. సంఖ్య తగ్గేకొద్దీ వాటి గురించి తెలిసినవారు, సలహా చెప్పగలవారు కూడా తగ్గిపోతారు. ఇక్కడ విస్తరణ శాస్త్రవేత్త బాధ్యత పెరుగుతుంది.

హైదరాబాద్‌కు గుర్రంతో సంబంధం పాతది. 1868లో మౌలాలీలో మొదలైన గుర్రపు పందేలు 1886లో ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ కాలంలో మలక్‌పేటకు మారాయి. పాతబస్తీ వీధుల్లో ఒకప్పుడు ముఖ్య వాహనమైన టాంగాను ఆటోరిక్షా తొలగించింది. బీబీ కా ఆలం ఊరేగింపులో అశ్విక పోలీసు దళం ఇప్పటికీ కనిపిస్తుంది. వీటన్నిటి మధ్య మిగిలిన ప్రధాన జీవనోపాధి పెళ్లి బరాత్. వరుణ్ణి వీపుపై మోస్తూ, మర్ఫా వాద్యాలు, బాణసంచా, జనరేటర్ దీపాల నడుమ ఇరుకైన గల్లీలో నెమ్మదిగా నడవవలసిన జంతువు అది. అక్కడ గుర్రం బెదిరితే వరునికి, చుట్టూ ఉన్న పిల్లలకు ప్రాణాపాయం. బెదిరే గుర్రమన్న పేరు పడితే పోషకుని కుటుంబానికి ఆ ముహూర్తాల కాలమంతా ఆదాయ నష్టం. కనుక గుర్రం స్వభావం ఇక్కడ ఒక జీవనోపాధి సమస్య.

స్వభావం: పుట్టుకతో వచ్చేది, పోషణతో వచ్చేది

స్వభావంలో వంశపారంపర్య భాగం ఉన్నది. థరోబ్రెడ్ గుర్రాల్లో కుతూహలం, అప్రమత్తత అనే లక్షణాలకు, డోపమైన్ గ్రాహకానికి చెందిన ఒక జన్యువులోని భేదానికి సంబంధమున్నట్లు 2005లో జపాన్ పరిశోధకులు ప్రకటించారు. వేగం కోసం తరతరాలుగా ఎంపిక చేసిన థరోబ్రెడ్‌కు, బరువులు మోస్తూ సంచార పశుపాలకుల వెంట నడిచిన దక్కనీ పోనీకి ప్రతిస్పందనలో తేడా ఉండడం సహజం. భీమా నదీ తీరపు ఈ దక్కనీ గుర్రానికి 2023లో భీమ్‌తడి పేరుతో జాతీయ స్థాయిలో జాతి గుర్తింపు లభించింది. లోపలికి వంగిన చెవులతో పోల్చుకోదగిన మార్వారీ, కాఠియావాడీ జాతులకు ఊరేగింపుల్లో ఆదరణ ఎక్కువ.

అయితే జాతి చెప్పేది సంభావ్యతను మాత్రమే. సంప్రదాయ అశ్వశాస్త్రాలు ఒంటిమీది సుడులను, రంగులను బట్టి గుణదోషాలను నిర్ణయించాయి. తెలుగులో మనుమంచి భట్టు రచించిన హయలక్షణ విలాసము ఈ సంప్రదాయానికి చెందినదే. నేటికీ కొనుగోలుదారులు ముందుగా సుడులనే చూస్తారు. కడుపులోని పుండును గాని, జీను కింది గాయాన్ని గాని సుడి చెప్పలేదు. గుర్రం పొగరుబోతు అని నిర్ణయించే ముందు దాని గాడిలో ఏముందో చూడడం శాస్త్రీయమైన పద్ధతి.

క్షేత్ర జీవనం నేర్పే పాఠం

పచ్చిక బయళ్లలో స్వేచ్ఛగా తిరిగే గుర్రం రోజులో 14 నుంచి 16 గంటలు మేస్తుంది. నాలుగు కొరుకులు తిని నాలుగు అడుగులు వేస్తుంది. అది ఒంటరిగా ఉండదు. చిన్న గుంపులో ఒకటి పడుకుంటే మరొకటి నిలబడి కాపలా కాస్తుంది. గుర్రం నిలబడి కునుకు తీయగలదు గాని, గాఢమైన స్వప్న నిద్రకు పడుకోవలసిందే. భద్రత లేదనిపిస్తే అది రోజుల తరబడి పడుకోదు.

విదేశీ రాంచ్‌ల గుర్రాలు నెమ్మదిగా ఉండడానికి గల కారణాల్లో ఈ మూడు ముఖ్యమైనవి: ఎడతెగని పీచు మేత, తోటి గుర్రం, కదలిక. పాతబస్తీ కొట్టంలో ఈ మూడూ కొరతే. పూటకొకసారి దాణా, మిగిలిన సమయమంతా ఖాళీ గాడి, పొట్టి తాడు. ఇటువంటి స్థితిలో గుర్రం కొయ్యను కొరకడం, గాలి మింగడం, నిలిచిన చోటనే ఇటూ అటూ ఊగడం మొదలుపెడుతుంది. వీటిని చెడ్డ అలవాట్లుగా పరిగణించి మెడకు పట్టీ బిగించడం పరిష్కారం కాదు. అవి తీరని అవసరానికి బయటి గుర్తులు. విశాల క్షేత్రాన్ని గల్లీలోకి తేలేము. దానిలోని మూడు అంశాలను కొంత మేరకు తేవచ్చును. వాటిలో సులభంగా సాధ్యమయ్యేది మేత.

గాడిలోని మేత, గుర్రం నడత

గుర్రం నెమరు వేయదు. దాని జీర్ణాశయం చిన్నది, 8 నుంచి 15 లీటర్లు మాత్రమే. పీచు పదార్థం పులిసేది వెనుక భాగంలోని పెద్దపేగులో. జీర్ణాశయంలో ఆమ్లం రాత్రింబవళ్లు స్రవిస్తూనే ఉంటుంది. ఆ ఆమ్లాన్ని తగ్గించే లాలాజలం మాత్రం నమిలేటప్పుడే ఊరుతుంది. గాడి ఖాళీగా ఉన్న ప్రతి గంటా ఆమ్లం కడుపు గోడను తాకుతుంది. కడుపులో పుండు పడిన గుర్రం పొట్టపట్టీ బిగించేటప్పుడు కరవడానికి తిరగడం, జీను చూడగానే చెవులు వెనక్కు వాల్చడం తరచుగా కనిపిస్తుంది. చూసేవారికి అది కోపం, గుర్రానికి అది నొప్పి.

పిండి పదార్థం ఎక్కువగా ఉన్న దాణా ఒకే పూట పెడితే జీర్ణం కాని భాగం పెద్దపేగుకు చేరి త్వరగా పులుస్తుంది. శూల, డెక్కల వాపు దీని ఫలితాలు. గింజల దాణా ఎక్కువ, పీచు తక్కువ తినే గుర్రాల్లో బెదురు అధికమని కూడా అధ్యయనాలు సూచిస్తున్నాయి. ఈ ప్రాంతపు వాతావరణంలో, ఆహారంలో గుర్రాన్ని నిలబెట్టడం ఎప్పుడూ సులభం కాలేదు. 13వ శతాబ్దంలో మార్కో పోలో కోరమండల్ తీరానికి దిగుమతైన గుర్రాలకు మాంసంతో వండిన అన్నం పెట్టేవారని, అవి ఎక్కువ కాలం బతికేవి కావని రాశాడు.

హైదరాబాద్ పరిసరాల్లో లభించే మేతలను గుర్రం దృష్టితో విడిగా పరిశీలించాలి. గేదెకు మేలు చేసేదంతా గుర్రానికి మేలు చేయదు.

మూసీ నది దిగువన మురుగునీటితో సాగయ్యే పారా గడ్డి నగర పశువులకు ముఖ్య పచ్చిమేత. పారా, నేపియర్, గినీ వంటి ఉష్ణమండల గడ్డుల్లో ఆక్సలేట్లు ఎక్కువగా ఉండవచ్చు. గేదె పొట్టలోని సూక్ష్మజీవులు ఆక్సలేట్‌ను చాలావరకు విచ్ఛిన్నం చేస్తాయి. గుర్రంలో అది కాల్షియంను బంధించి ఒంటికి అందకుండా చేస్తుంది. మేతలో ఆక్సలేట్ 0.5 శాతం దాటి, కాల్షియం దానిలో సగానికి తగ్గితే ప్రమాదం. దీనికి తవుడు, గోధుమ పొట్టు తోడైతే నష్టం రెట్టింపవుతుంది. గోధుమ పొట్టులో భాస్వరం కాల్షియంకు సుమారు తొమ్మిది, పది రెట్లు ఉంటుంది. తవుడులో ఈ వ్యత్యాసం ఇంకా ఎక్కువ. ఒళ్లు కాల్షియం కోసం ఎముకలను కరిగించుకుంటుంది. ముఖపు ఎముకలు ఉబ్బడం చివరి దశ. అంతకుముందే కాళ్ల నొప్పి, తడబడే నడక, పనికి మొరాయించడం కనిపిస్తాయి. ఆ మొరాయింపుకు పడేది కొరడా దెబ్బ. పడవలసింది మేతలో కాల్షియం.

సుబాబుల్ ఆకులోని మిమోసిన్ వల్ల జూలు, తోక వెంట్రుకలు రాలిపోతాయి. అలంకారమే ఆదాయమైన పెళ్లి గుర్రానికి ఇది నేరుగా నష్టం. లేత పచ్చి జొన్నలో హైడ్రోసయనిక్ ఆమ్లం ముప్పు ఉన్నది. పచ్చి జొన్నను ఎక్కువ కాలం మేసిన గుర్రాల్లో వెనుక కాళ్ల బలహీనత, మూత్రం నిలుపుకోలేకపోవడం వస్తాయి. బూజు పట్టిన మొక్కజొన్నలోని ఫ్యుమోనిసిన్ విషం గుర్రపు మెదడును దెబ్బతీస్తుంది. గోడకు తల ఆనించి నెట్టడం, గుండ్రంగా తిరగడం, ఉన్నట్టుండి ఉద్రేకపడడం దాని లక్షణాలు. దీనిని పిచ్చిగా భావించడం ప్రాణాంతకమైన పొరపాటు. మోనెన్సిన్ కలిసిన కోళ్ల దాణా, పశువుల దాణా గుర్రానికి స్వల్ప మోతాదులోనే విషం. మిగిలిన దాణాను గుర్రానికి పెట్టరాదని ప్రతి సందర్శనలో గట్టిగా చెప్పాలి.

మేత ప్రణాళిక

గుర్రానికి రోజుకు శరీర బరువులో కనీసం 1.5 శాతం శుష్క పదార్థం పీచు మేత రూపంలో అందాలి. 350 కిలోల గుర్రానికి ఇది 5.25 కిలోలు. ఎండుగడ్డి రూపంలో సుమారు 6 కిలోలు. 20 శాతం శుష్క పదార్థమున్న పచ్చిగడ్డి ఒక్కటే పెడితే 26 కిలోల పైచిలుకు కావాలి. పచ్చిగడ్డి మోపు ఒకటి వేసి కడుపు నిండిందనుకోవడం ఎందుకు తప్పో ఈ లెక్క చూపుతుంది.

ఆచరణలో 5 కిలోల నాణ్యమైన ఓట్ లేదా రోడ్స్ ఎండుగడ్డి, 5 కిలోల పచ్చి లూసర్న్ కలిపితే కనీస అవసరం తీరుతుంది. రోడ్స్ గడ్డిలో ఆక్సలేట్ తక్కువ. లూసర్న్ కాల్షియం లోటును పూరిస్తుంది. తెలంగాణలో అక్టోబరు, నవంబరు నెలల్లో విత్తుకుంటే శీతాకాలమంతా కోతలు వస్తాయి. ముహూర్తాల కాలంలో పనిని బట్టి ఓట్లు, నానబెట్టిన శనగలు లేదా ఉడికించిన ఉలవలు పూటకు కిలో దాటకుండా, రెండు మూడు పూటలుగా పంచాలి. దాణాకు ముందు గడ్డి వేయాలి. రాత్రికి సన్న కన్నుల వలలో గడ్డి వేలాడదీస్తే అదే గడ్డి ఎక్కువ గంటలు సాగుతుంది. ఉప్పు, నిరంతరం నీరు తప్పనిసరి. ఏ మార్పునైనా పది రోజుల వ్యవధిలో క్రమంగా చేయాలి.

నగర శివార్లలో నలుగురైదుగురు రైతులు ఎండుగడ్డి, లూసర్న్ సాగు చేసి గుర్రాల పోషకులకు నేరుగా అమ్మే ఏర్పాటును విస్తరణ విభాగాలు ప్రోత్సహించవచ్చు. రైతుకు మార్కెట్, గుర్రానికి మేత రెండూ సమకూరుతాయి.

చూపు, శబ్దం, శిక్షణ

గుర్రానికి దాదాపు 350 డిగ్రీల చూపు ఉన్నది. నుదుటికి ఎదురుగా కొద్ది మేర, తోక వెనుక మాత్రం కనిపించదు. వెనుక నుంచి చప్పుడు లేకుండా వచ్చిన మనిషిని తన్నడం దానికి ఆత్మరక్షణ. వెలుతురు నుంచి చీకటికి దాని కన్ను మనిషి కన్ను కంటే నెమ్మదిగా సర్దుకుంటుంది. దీపాల వరుస దాటి చీకటి గల్లీలోకి మలుపు తిరిగేటప్పుడు ఒక నిమిషం ఆపడం సాయీసుకు నేర్పదగిన చిన్న మెలకువ.

శబ్దాలకు అలవాటు చేయడం దూరం నుంచి మొదలుకావాలి. గుర్రం మేత మేస్తూ ఉండగలిగినంత దూరంలో డప్పు వాయించి, రోజురోజుకూ దగ్గరకు తేవాలి. ఒకేసారి హోరులోకి నెట్టితే అలవాటుకు బదులు భయం పాతుకుపోతుంది. కళ్లెం లాగినప్పుడు గుర్రం స్పందించిన మరుక్షణమే పట్టు సడలించాలి. ఆ సడలింపే దానికి బహుమతి. స్పందించినా లాగుతూనే ఉంటే అది నోరు మొద్దుబారిన గుర్రమవుతుంది. ముళ్ల కళ్లెం వాడకం 1965 నాటి బరువు మోసే జంతువుల నియమాల ప్రకారం నేరం కూడా.

మనిషి మనఃస్థితిని గుర్రం చదువుతుంది. బెర్లిన్‌లో లెక్కలు చేస్తుందని పేరుపొందిన హాన్స్ అనే గుర్రాన్ని 1907లో ఆస్కార్ ఫుంగ్‌స్ట్ పరీక్షించి, అది ఎదుటివారి తల కదలికలోని అతి సూక్ష్మమైన మార్పును చూసి ఆగిపోతున్నదని నిరూపించాడు. అంత సున్నితంగా గమనించే జంతువు ముందు సాయీసు నిలిచే తీరు, ఊపిరి, చేతి బిగువు కూడా శిక్షణలో భాగమే.

ఎండ, ఆరోగ్యం

పై నియమాల ప్రకారమే రోజులో మొత్తం 9 గంటలకు మించి గాని, విరామం లేకుండా 5 గంటలకు మించి గాని పని చేయించరాదు. ఉష్ణోగ్రత 37 డిగ్రీలు దాటే చోట మధ్యాహ్నం 12 నుంచి 3 గంటల వరకు పని నిషిద్ధం. హైదరాబాద్ వేసవికి ఇది నేరుగా వర్తిస్తుంది. తారు రోడ్డుపై నడిచే గుర్రానికి ఆరు నుంచి ఎనిమిది వారాలకొకసారి నాల్‌బంద్ చేత డెక్కలు సరిచేయించాలి. గ్లాండర్స్ మనుషులకూ సోకే ప్రకటిత వ్యాధి. ముక్కు స్రావం, చర్మంపై పుండ్లు ఉన్న గుర్రాన్ని వేరు చేసి పశుసంవర్ధక శాఖకు వెంటనే తెలియజేయాలి. కొత్త గుర్రాన్ని రక్త పరీక్ష తరువాతే మందలో కలపాలి.

క్షేత్ర సందర్శనలో పరిశీలన క్రమం

గుర్రం చెడ్డదన్న ఫిర్యాదు వచ్చినప్పుడు ఈ క్రమం పాటించడం మంచిది.

1. నొప్పి: పళ్లు, నోటి మూలలు, వీపు, పొట్టపట్టీ కింది చర్మం, డెక్కలు, కళ్లు పశువైద్యునితో చూపించాలి.
2. మేత: గాడి ఎన్ని గంటలు ఖాళీగా ఉంటుందో అడిగి, మేతను తూచాలి. బూజు, తవుడు, పారా గడ్డి పాలు నమోదు చేయాలి.
3. నిద్ర, తోడు, కదలిక: పడుకునే చోటు, కనిపించే దూరంలో మరో గుర్రం, రోజువారీ నడక ఉన్నాయా?
4. నిర్వహణ: కళ్లెం రకం, సాయీసు పద్ధతి, పనివేళలు.
5. ఇవన్నీ సరిచేసి ఆరు వారాలు గడిచిన తరువాతే స్వభావం గురించి మాట్లాడాలి.

ముగింపు

కొరడాతో అణచిన గుర్రం, కడుపు నిండి నిశ్చింతగా ఉన్న గుర్రం పైకి ఒకేలా నెమ్మదిగా కనిపించవచ్చు. మొదటిది బాణసంచా పేలిన క్షణంలో తెగబడుతుంది, రెండవది సాయీసు వైపు చూస్తుంది. ఈ తేడా చాలావరకు కొట్టంలోనే, ఊరేగింపుకు ఎన్నో వారాల ముందే ఏర్పడుతుంది. గుర్రాన్ని మార్చమని సలహా ఇవ్వడం సులభం. పోషకుని స్థోమతలో దాని గాడిని, కొట్టాన్ని, పనివేళలను మార్చి చూపడం విస్తరణ శాస్త్రవేత్త చేయవలసిన పని. పశుగ్రాస విభాగం, పశువైద్య విభాగం కలిసి పాతబస్తీలో కొన్ని కొట్టాలను ప్రదర్శన క్షేత్రాలుగా తీసుకొని మేతను, నడతను ఏడాదిపాటు నమోదు చేస్తే విద్యార్థులకు ఉపయుక్తమైన పరిశోధనాంశం లభిస్తుంది, పోషకులకు నమ్మదగిన సలహా అందుతుంది.