ఆ అంగుళం వదిలెయ్

రాజమండ్రి

చిరంజీవి చిన్నోడికి, మీ పెదనాన్న ఆశీర్వదించి వ్రాయునది.

గెయార్గ్ ఫ్రీడ్రిష్ హాస్ 2015లో ఎనిమిది ట్రాంబోన్లకు రాసిన ఆక్టెట్ మీవాళ్లు ఎత్తుకున్నారట కదా. ఇన్నేళ్లు ఊదాక కూడా ఒక్క స్వరం కుదరడం లేదని ఫోన్లో వాపోయావని మీ అమ్మ చెప్పింది. నేను సైన్యం బ్యాండులో ట్రాంబోన్ ఊదినవాణ్ణి. ఇలాంటి రచన నా చేతికి ఎన్నడూ రాలేదు గాని, నీ తంటా ఏమిటో తెలుస్తోంది. నీకు వాద్యం మరీ బాగా వచ్చేసిందిరా, చిక్కంతా అక్కడే.

రెండో పొజిషన్లో పై జి ఎలా పలికిస్తావో ఒకసారి చూసుకో. అక్కడ గొట్టం మూలస్వరం 55 హెర్ట్జ్. పై జిగా గొట్టం తనంతట పలికేది దానికి ఏడు రెట్లు, అంటే 385. పియానో జి ఏమో 392. ఆ లోటు పూడ్చడానికి స్లయిడుని ఒక అంగుళం లోపలికి లాక్కుంటాం. పెరేడ్ మైదానంలో ఆ అంగుళం మరిచిపోయి నేను తిన్న తిట్లు ఇన్నీ అన్నీ కావు. నీకూ అదే చేతికి పట్టేసింది, ఆలోచించకుండానే లాగేస్తావు.

హాస్ 1953లో ఆస్ట్రియాలోని గ్రాజ్‌లో పుట్టినవాడు. ఆయన సంగీతం ఎక్కువగా పియానో మెట్ల మధ్య సందుల్లో తిరుగుతుంది. గొట్టమైనా తీగైనా తనంతట తాను పలికే అనుస్వరాలంటే ఆయనకి మక్కువ. అలాంటి చోట పక్కవాడు 385 మీద నిలబడి ఉండగా నువ్వు అలవాటుకొద్దీ 392కి ఎక్కావంటే, సెకనుకు ఏడు కుదుపులు. ఇంటర్లో విస్పందనాలని చదివావే, అవే ఇవి. కావాలని రాసిన చోట అందం, రాయని చోట గోల.

మీ నాయనమ్మ తంబురా శ్రుతి చేస్తూ నిన్ను పక్కన కూర్చోబెట్టుకునేది, గుర్తుందా? మంద్ర షడ్జం ఒక్కటే మీటి "గాంధారం వినపడిందా?" అనేది. ఎవరూ మీటని అంతర గాంధారం తీగలోంచి లేచేదాకా పూస జరుపుతూనే ఉండేది. హార్మోనియం గాంధారం కంటే అది పిసరంత తక్కువ. దాన్ని ఎక్కువ చేయాలని ఆవిడ ఎప్పుడూ అనుకోలేదు. నీ చెవికి ఆ పాఠం ఎప్పుడో అయింది, చేతికే ఇంకా చేరలేదు.

ఇక సాధన సంగతి. ఎనిమిదిమందీ ఒకేసారి కూర్చోకండి. ముందు ఇద్దరే కూర్చోండి. ఒకడు స్వరం నిలబెట్టాలి, రెండోవాడు స్లయిడుని వెంట్రుకవాసి జరుపుతూ పోవాలి. కుదుపు నెమ్మదిస్తుంది, ఇంకా నెమ్మదిస్తుంది, ఒక చోట ఆగిపోతుంది. ఆ చోటు మోచేతికి గుర్తుండాలి. ట్యూనర్ సంచిలో పడెయ్. అది నీ స్వరమే చూస్తుంది, పక్కవాడితో నీ పొత్తు దానికి తెలియదు. నలుగురయ్యాక ఎవరు ఎక్కడ ఊపిరి తీసుకోవాలో పెన్సిలుతో రాసుకోండి. అందరూ ఒకేసారి పీలిస్తే కట్టిన గోడలో కంత పడ్డట్టే. పెదవులు మొద్దుబారితే వాద్యం కింద పెట్టి, నీ భాగం నోటితో పాడు. పాడలేని స్వరం ఊది పట్టుకోవడం మరీ కష్టం.

ఇంకొక్కటి. హాస్ 2001లో రాసిన మూడో స్ట్రింగ్ క్వార్టెట్‌ని కటిక చీకట్లో వాయించాలి. ఆ నలుగురికీ కాగితం కనపడదు, ఒకరి ముఖం ఒకరికి కనపడదు, చెవే దిక్కు. మీకా నియమం లేదు గాని, సాధన చివర ఐదు నిమిషాలు దీపం ఆర్పి కూర్చోండి. పక్కవాడు 385 పట్టుకుంటాడు. నువ్వూ అందుకుంటావు. చీకట్లో నీ చెయ్యి మెల్లగా లోపలికి పోబోతుంది. పోనివ్వకు.

పెద్దమ్మ ఆవకాయ పార్సిల్ చేసింది. చేరగానే కబురు పెట్టు.

ఇట్లు,
నీ పెదనాన్న