బిడ్డకు పాలిచ్చే తల్లికి చట్టం ఇస్తున్న అండ

దివ్య ఖుర్ఆన్ బఖరా సూరా (2:233) పాలిచ్చే తల్లుల గురించి మాట్లాడుతుంది. పాలిచ్చే గడువును పూర్తి చేయదలచినవారికి రెండేళ్ల కాలాన్ని పేర్కొని, ఆ తల్లి తిండి, బట్టల బాధ్యతను తండ్రిపై ఉంచుతుంది. పాలివ్వడం తల్లి వంతే అయినా, ఆమెకు వీలు కల్పించడం ఇతరుల వంతు అని మనం దీన్నిబట్టి గ్రహించాలి. మరి ఆ తల్లి ఆసుపత్రి క్యూలోనో, బస్టాండులోనో ఉన్నప్పుడు ఆ వీలు కల్పించేదెవరు? చంటిబిడ్డ ఆకలి ఇల్లు చేరేదాకా ఆగదు కదా!

1961 నాటి ప్రసూతి ప్రయోజన చట్టం, బిడ్డకు 15 నెలలు వచ్చేవరకు రోజుకు రెండుసార్లు పాలిచ్చేందుకు ఉద్యోగినికి విరామం ఇచ్చింది. 50 మంది, అంతకు మించి పనిచేసే చోట శిశు సంరక్షణ కేంద్రం ఉండాలని 2017 సవరణ చెప్పింది. 2020 సామాజిక భద్రతా స్మృతిలోనూ ఈ నియమాలున్నాయి. అయితే ఇవి ఉద్యోగం చేసే చోటికే పరిమితం. ఇళ్లలో పనిచేసే తల్లికి, తోపుడు బండిపై పండ్లు అమ్ముకునే తల్లికి వీటివల్ల ఒరిగేది తక్కువే.

బహిరంగ ప్రదేశాల విషయంలో న్యాయస్థానాలు ముందుకు వచ్చాయి. పాలివ్వడం రాజ్యాంగం 21వ అధికరణం కాపాడే హక్కు అని 2021లో కర్ణాటక హైకోర్టు చెప్పింది. 2025 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు మరో అడుగు వేసింది. ఇప్పటికే ఉన్న ప్రభుత్వ భవనాల్లో వీలైనంతవరకు, కొత్తగా కట్టేవాటిలో తప్పకుండా పాలిచ్చే గదులకు చోటుండేలా చూడాలని, బహిరంగంగా పాలివ్వడాన్ని తప్పుగా చూడరాదని స్పష్టం చేసింది.

స్కాట్లాండ్ 2005లోనే ఒక చట్టం చేసింది. బహిరంగ ప్రదేశంలో రెండేళ్లలోపు బిడ్డకు పాలు పట్టకుండా కావాలని అడ్డుకోవడం అక్కడ నేరం. అలా అడ్డుకున్నవారిని శిక్షించే ప్రత్యేక కేంద్ర చట్టం మన దేశంలో లేదు. కనుక మన దగ్గర తల్లికి రక్షణ చాలావరకు చుట్టూ ఉన్నవారి మర్యాద మీదే ఆధారపడి ఉంది.

ఇక్కడే దాతల పాత్ర మొదలవుతుంది. మనం కట్టించే దవాఖానా, షాదీఖానా, కుట్టు శిక్షణ కేంద్రం, ఏదైనా సరే, నక్షా గీసేనాడే ఒక చిన్న గదికి చోటు ఉంచుదాం. తలుపుకు లోపలి గడియ, ఫ్యాను, ఆనుకుని కూర్చునే కుర్చీ, చేతులు కడుక్కునే నీళ్లు ఉంటే చాలు. దాన్ని మరుగుదొడ్డి పక్కన పెట్టవద్దు. సామాన్ల గదిగా మార్చవద్దు. పర్దా పాటించే తల్లికి ఇది ఎంతో ఊరట.

ఒక్క జాగ్రత్త మాత్రం అవసరం. గది ఉంది కదా అని బయట పాలిచ్చే తల్లిని లేపి పంపకూడదు. గది ఆమె సౌకర్యం కోసం, ఆమెపై ఆంక్ష కోసం కాదు. ఈ మాటను మన సిబ్బందికి, వాచ్‌మన్‌కు కూడా చెప్పి ఉంచుదాం. అల్లాహ్ మన సేవలను స్వీకరించుగాక. ఆమీన్.