వ్యాయామశాలలో మన నడవడి

ఆరోగ్యమే మహాభాగ్యమని పెద్దలు అంటారు. ఆ భాగ్యాన్ని సంపాదించుకునే చోట్లలో వ్యాయామశాల ఒకటి. పూర్వం మన ఊళ్ళలో దీనిని తాలింఖానా అనేవారు. దండీలు, బస్కీలు, కర్రసాము, కుస్తీ అక్కడే నేర్చుకునేవారు. చెప్పులు బయట విడిచి లోపలికి వెళ్ళేవారు. గోదా మట్టిని కళ్ళకద్దుకుని బరిలోకి దిగేవారు. గురువు చెప్పే క్రమాన్ని దాటేవారు కాదు. అంటే కండబలం కంటే ముందు క్రమశిక్షణే అక్కడి మొదటి పాఠం. నేడు చాలాచోట్ల తాలింఖానా పోయి జిమ్ వచ్చింది. పేరు మారినా ఆ పాఠం మారలేదు.

హాస్టల్ విద్యార్థులమైన మనకు ఈ పాఠం మరీ అవసరం. ఇంట్లో సొంత డంబెల్స్‌తో ఒక్కడే చేసుకునేవాడికి మర్యాదతో అంతగా పనిలేదు. మనకు ఉండేది ఒక బార్, ఒక బెంచీ, కొన్ని ప్లేట్లు. వాటికోసం నిలబడేవాళ్ళం ఎందరో. స్టడీ అవర్‌కు, టిఫిన్‌కు మధ్య దొరికే కాస్త సమయం అందరికీ అందాలంటే ఈ క్రింది నియమాలు పాటించాలి.

1. వంతు: ఒక సెట్టు చేశాక కాసేపు విశ్రాంతి కావాలి. ఆ సమయంలో బెంచీమీదే కూర్చుని కబుర్లు చెప్పకూడదు. ముగ్గురు కలిసి వంతులవారీగా చేస్తే, మిగతా ఇద్దరు చేసేలోగా మొదటివాడి విశ్రాంతి తీరిపోతుంది. ఎవరి సమయమూ వృథా కాదు. ఎవరైనా వాడుతున్న వస్తువు కావాలంటే, "అన్నా, ఇంకా ఎన్ని సెట్లున్నాయి?" అని అడిగితే చాలు.

2. తీసినది తిరిగి పెట్టడం: పెద్దవాడు ఎక్కించిన ప్లేట్లు అలాగే వదిలేసిపోతే, తర్వాత వచ్చే చిన్నవాడు వాటిని దించలేడు. అవస్థపడి దించబోతే కాలిమీద పడవచ్చు. పోటీలలో వాడే బార్ ఒక్కటే పురుషులకు 20 కిలోలు, స్త్రీలకు 15 కిలోలు ఉంటుంది. స్టాండుమీద ఉన్న బార్‌కు ఒకవైపు ప్లేట్లన్నీ ఒకేసారి తీసేస్తే రెండోవైపు బరువుకు అది తిరగబడుతుంది. అందుకే అటొకటి, ఇటొకటి చొప్పున తీయాలి.

3. తోడు: బెంచీమీద పడుకుని బరువెత్తేవాడి వెనుక ఒకరు సపోర్ట్‌గా నిలబడాలి. చేతులు అలసిపోతే బార్ ఛాతీమీదికో, మెడమీదికో వచ్చేస్తుంది. ప్రాణాపాయం కూడా కలుగవచ్చు. తోడు లేనిదే బరువులెత్తవద్దు. సపోర్ట్ ఇచ్చేవాడు దిక్కులు చూడవద్దు. బరువెత్తేవాడిని మధ్యలో పలకరించడం, నవ్వించడం కూడా ప్రమాదమే.

4. శుభ్రత: తామర వంటి చర్మవ్యాధులు ఒకరి తువాలు మరొకరు వాడితే సులభంగా అంటుకుంటాయి. ఒక గదిలో అందరం పడుకునే మనలో ఒకరికి వస్తే పదిమందికి పాకుతుంది. ఎవరి తువాలు వారిదే. బెంచీమీద తువాలు పరుచుకోవాలి, లేచేముందు చెమట తుడవాలి. తామర వచ్చినవాడిని ఎగతాళి చేయకుండా వైద్యుని దగ్గరకు తీసుకువెళ్ళాలి.

5. మాట: "బక్కోడా, నీకెందుకురా ఇది?" అనే మాట చాలా సులభం. ఆ మాట పడ్డవాడు మళ్ళీ రావడమే కష్టం. ఎవరైనా తప్పుగా చేస్తుంటే పదిమందిలో అరవకుండా దగ్గరికెళ్ళి మెల్లగా చెప్పాలి. సెల్‌ఫోనులో ఇతరుల ఫొటోలు వారిని అడగకుండా తీయరాదు.

బరువును విసిరికొట్టి పెద్దగా చప్పుడు చేస్తే మొనగాడని కొందరు అనుకుంటారు. శ్రీకాకుళం జిల్లా ఆడపడుచు కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల విభాగంలో 110, 130 మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్య పతకం గెలిచారు. ఒలింపిక్ పతకం సాధించిన తొలి భారతీయ మహిళ ఆమే. అంత పెద్ద పోటీలో కూడా తీర్పరులు సంకేతమిచ్చేదాకా బరువు దించకూడదు. దించేటప్పుడు బార్ భుజాల కిందికి దిగేదాకా పట్టు వదలకూడదు. అంటే ఎత్తడం ఎంత ముఖ్యమో, పద్ధతిగా దించడమూ అంతే ముఖ్యం.

చివరగా ఒక్క మాట. పెద్ద తరగతులవాళ్ళు బెంచీని వదలకపోతే చిన్న తరగతి పిల్లవాడు రెండు రోజులు గుమ్మం దగ్గర నిలబడి చూస్తాడు. మూడో రోజు రాడు. "నువ్వు పక్కన నిలబడు" అనే మాట మన తాతలు బావి దగ్గర విన్నారు, హోటల్ దగ్గర విన్నారు, బడిలోనూ విన్నారు. ఆ మాట ఎలా గుచ్చుకుంటుందో మన ఇళ్ళలో అందరికీ తెలుసు. అదే మాట మన నోటి నుండి మన తమ్ముడికి రాకూడదు. "రా తమ్ముడూ, నీ వంతు" అని పిలిచి, వాడి బరువుకు తగిన ప్లేట్లు మనమే ఎక్కించి, వెనుక నిలబడదాం. పెంచుకున్న బలం తోటివాడికి అండగా నిలిచినప్పుడే అది నిజమైన బలం.