వేలం ఇల్లు కొనే ముందు

అల్లుడా,

నువ్వు పంపిన వేలం నోటీసు ఫొటో పెద్దగ చేసి మొత్తం చదివిన. గోదావరిఖనిల ఇల్లు, ప్రభుత్వ బ్యాంకు అమ్మకం, చుట్టుపక్కల నడిచే రేటు కంటే తక్కువ రిజర్వు ధర. మీ బాపు కొలువు దిగిపోయినప్పుడు వచ్చిన గ్రాట్యుటీ, సింగరేణిల నీ లాభాల వాటా, దీపావళి బోనసు అన్నీ కలిపి దీంట్ల పెడ్తానంటున్నవు. వద్దని అంటలేను. కానీ పాట గెలుచుడు ఒక పూట పని, ఆ ఇంట్ల పాలు పొంగిచ్చుడు ఎన్నడో ఎవరూ చెప్పలేరు. నడుమ గడిచే కాలానికి కిరాయి కట్టుకుంట, అప్పు లేకుంట ఓర్చుకోగలిగినోడే దీనికి పోవాలె. బ్యాంకు రికవరీ సెక్షన్ల ఇన్నేండ్లు పనిచేసి నేను గట్టిగ చెప్పగలిగేది ఇదే.

డల్లాస్‌ల ఉన్న నీ దోస్తు సర్కారు అమ్మే ఇల్లు తొందరగనే కొన్నడని రాసినవు. అక్కడి పద్ధతి వేరు. ప్రభుత్వ బీమా ఉన్న లోను మునిగితే ఆ ఇల్లు హడ్ అనే శాఖ పేరు మీదికి వస్తది, ఆ శాఖే యజమానిగ అమ్ముతది, సొంతంగ ఉండేటోళ్లకు ముందు అవకాశమిస్తది. మన దగ్గర బ్యాంకు ఇంటికి యజమాని కాదు. 2002 నాటి సర్ఫేసీ చట్టం దానికి తాకట్టు ఆస్తిని అమ్ముకునే అధికారం ఇచ్చింది, అంతే. అప్పు తీసుకున్నాయన తగాదాలన్నీ ఇంటితో పాటే నీకు వస్తయ్. నోటీసుల ‘ఎక్కడ ఉన్నది అక్కడే, ఎట్లున్నది అట్లనే’ అని రాసేది అందుకే.

ఇప్పుడు ఆ నోటీసుల ‘స్వాధీనం’ అన్న మాట దగ్గర ఆగు. ‘సింబాలిక్’ అని ఉన్నది చూసినవా? అంటే గోడకు కాయితం అంటించిండ్రు, మనుషులు లోపలనే ఉన్నరు. ‘ఫిజికల్’ అని ఉంటే తాళం బ్యాంకు చేతిల ఉన్నట్టు. ఈ ఒక్క మాట తేడాకు ధర ఎందుకు తగ్గిందో నీకే అర్థమైతది.

లోపల ఉన్నోళ్లను ఖాళీ చేయించాలంటే బ్యాంకు సెక్షన్ 14 కింద కలెక్టరుకు గాని చీఫ్ జ్యుడీషియల్ మేజిస్ట్రేటుకు గాని దరఖాస్తు పెట్టుకోవాలె. 30 రోజులల్ల ఉత్తర్వు ఇయ్యాలె, కారణం రాసి మొత్తం 60 రోజుల దాకా పొడిగించొచ్చని చట్టంలనే ఉన్నది. కానీ ఆ గడువు దాటినా కలెక్టరు అధికారం పోదని 2020ల సుప్రీంకోర్టు తేల్చింది. ఫైలు ఆలస్యమైతే ఆ పేరు మీద నువ్వు కొట్లాడేది పెద్దగ ఏం లేదు. ఉత్తర్వు చేతికొచ్చినంక పోలీసు బందోబస్తు దొరకాలె. ఎన్నికలు, జాతర్లు, పిల్లల పరీక్షలు, ఏది వచ్చినా తారీఖు వాయిదా పడ్తది.

ఇంకొకవైపు అప్పుదారు హైదరాబాదుల ఉన్న అప్పుల వసూలు ట్రిబ్యునలు (డీఆర్‌టీ)ల కేసు వేయొచ్చు, దానికి 45 రోజుల టైం ఉంటది. వేలం నోటీసు అచ్చయినంక బాకీ కట్టి ఇల్లు విడిపించుకునే హక్కు ఆయనకు ఉండదని 2023ల సుప్రీంకోర్టు చెప్పింది, అది నీకు బలమే. అయితే నోటీసు సరిగ ఇయ్యలేదని, విలువ తక్కువ కట్టిండ్రని వాదించే దారి మూసుకపోలేదు. అక్కడ ఓడితే కోల్‌కతాల ఉన్న అప్పీలు ట్రిబ్యునలుకు పోతరు. ఇవన్నీ నడిచినంత కాలం నీ పైసలు బ్యాంకుల, నువ్వు కిరాయింట్ల.

ఆలస్యం వాళ్ల దిక్కు ఎంతున్నా నీ దిక్కు ఒక్క రోజుండదు. పాట నీకు దక్కితే ఆ రోజే, లేదంటే తెల్లారి పనిదినం లోపల, ధరల నాలుగో వంతు కట్టాలె. మిగిలింది అమ్మకం ఖాయమైన 15 రోజులల్ల. బ్యాంకు రాసిస్తే మూడు నెలల దాకా సాగొచ్చు. తప్పితే కట్టింది మొత్తం జప్తు. ఆ జప్తు చెల్లుతదని 2024ల సుప్రీంకోర్టు చెప్పింది. హోంలోను వస్తదన్న ధీమాతోని పాటకు పోకు. మనుషులు లోపలున్న ఇంటికి ఏ బ్యాంకు లోను ఇస్తదో ముందుగల్ల రాతల తెచ్చుకో.

కలెక్టరాఫీసు, ట్రిబ్యునలు పెద్ద సంగతులు. చిన్న కాయితం కూడ అంతే ఆపుతది. నా సర్వీసుల ఒక కేసు చూసిన. కొన్నాయన మైనింగ్ సర్దార్‌గ చేసి దిగిపోయినాయన. పైసా బాకీ లేకుంట కట్టిండు, ఇల్లు కూడ ఖాళీనే. అమ్మకం సర్టిఫికెట్ల మాత్రం పాత గ్రామపంచాయతీ నాటి ఇంటి నంబరు పడ్డది, మున్సిపల్ రికార్డుల వేరే నంబరు. ఉత్తరం హద్దు కాడ లోను కాయితంల ‘రోడ్డు’ అని, లింకు డాక్యుమెంటుల పక్కాయన పేరు. రిజిస్ట్రేషన్ ఆగింది. సవరణకు ఫైలు బ్రాంచి నుంచి రీజినల్ ఆఫీసుకు, అక్కడి నుంచి వకీలు కాడికి పోయింది. నడుమ మేనేజరు బదిలీ అయ్యిండు, కొత్తాయన ఫైలు మళ్ల మొదటి నుంచి సదివిండు. ఆ పెద్దాయన కౌంటరు ముంగట చేతుల సంచి పట్టుకొని నిలబడ్డ తీరు తలుచుకుంటే ఇప్పటికీ నాకు కోపమొస్తది. ఎవ్వలూ లంచం అడగలేదు, ఎవ్వలూ కసురుకోలేదు. ఎవని బల్ల మీద వానికి అది తన పని కాదు, అంతే. జీవితమంత బొగ్గుల చేసిన కష్టం ఒక నంబరు కాడ ఇరుక్కున్నది.

అందుకే చెప్తున్న. పాటకు ముందు కట్టే ధరావతు (ఈఎండీ) కట్టకముందే బ్రాంచికి పోయి లింకు డాక్యుమెంట్లు చూపియ్యమను. ఇంటి నంబరు, సర్వే నంబరు, నాలుగు హద్దులు రామగుండం కార్పొరేషన్ పన్ను రసీదుతోని పక్కపక్కన పెట్టి చూడు. 30 ఏండ్ల ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్ (ఈసీ) తీయించు. మన తావుల పట్టా జాగ, సింగరేణి జాగ, సర్కారు జాగ ఒకదానికొకటి ఆనుకొని ఉంటయ్. మందమర్రి, రామకృష్ణాపూర్ దిక్కు సింగరేణి జాగల ఇండ్లకు జీవో 76 కింద పట్టాలొచ్చినయని ఈ ఇంటికి కూడ వస్తదనుకొని కొనకు. కరెంటు బకాయి సంగతి కరెంటు కంపెనీ ఎన్‌పీడీసీఎల్‌ల అడుగు. నిబంధన ఉన్నకాడ పాత బకాయి వేలంల కొన్నోని కాడ వసూలు చేయొచ్చని 2023ల సుప్రీంకోర్టు చెప్పింది. ఓపెన్‌కాస్టు గనిల బ్లాస్టింగ్ పెట్టే యాళ్లకు పోయి ఆ గోడల కాడ నిలబడు. కొత్త సున్నం కింద పగుళ్లుంటయ్, గోటితోని గీకి చూడు.

ఇంకొకటి. ఆ ఇంట్ల ఉన్నది మనసొంటి కుటుంబమే. పిల్ల పెండ్లికో, దవాఖానకో తెచ్చిన అప్పు అయ్యుంటది. పైసలు కట్టినంక ఫైలు కదలకపోతే, ‘నలుగురు పిల్లగాండ్లను పంపి తాళం పగలగొట్టిస్త’ అని వచ్చేటోళ్లుంటరు. వాళ్లను గడప తొక్కనియ్యకు. తొక్కనిస్తే కేసు నీ మీద పడ్తది, నీ కొలువుకు కూడ ముప్పు. ఇంట్ల ఉన్నోళ్లతోని మాట్లాడాలనుకుంటే బ్యాంకు అధికారి ముంగటనే మాట్లాడు. ఖాళీ చేసి పొయ్యేందుకు బండి కిరాయి, కొన్ని నెలల ఇంటి కిరాయి ఇస్తమంటే ఒప్పుకునేటోళ్లను నేను చూసిన. ఆ ఖర్చు కూడ ఇంటి ధరల కలుపుకొని లెక్క వేసుకో.

నీ నోటీసుల ఉన్న ఇంటికైతే నేను ఒప్పుకోను, సింబాలిక్ స్వాధీనం కాబట్టి. ప్రభుత్వ బ్యాంకుల వేలాలు బ్యాంక్‌నెట్ పోర్టల్‌ల కనబడ్తయ్. పెద్దపల్లి జిల్లావి చూసి ఫిజికల్ స్వాధీనం ఉన్నయి ఏరి నాకు పంపు. గ్రాట్యుటీల సగం మీ అమ్మ (మా అక్క) పేరు మీద డిపాజిట్ చెయ్యి, దాన్ని ముట్టకు. వచ్చే ప్లే డే (వారం సెలవు) నాడు డాక్యుమెంట్ల జిరాక్సులు తీస్కొని కరీంనగర్ రా, కూసొని చూద్దాం.

ఇట్లు,
మీ మామ