బండి నడిపేది డ్రైవరు ఒక్కడేనా?

సెలవులకు ఇళ్ళకు వెళ్ళే ముందు ఈ పాఠం చదవండి. ముందు ఒక చిన్న లెక్క.

బండి గంటకు 36 కిలోమీటర్ల వేగంతో పోతోందనుకోండి. అంటే సెకనుకు 10 మీటర్లు. మలుపులో ఆవు కనబడింది. కన్ను చూసి, మెదడుకు తెలిసి, కాలు బ్రేకు మీద పడేసరికి సుమారు ఒక సెకను అవుతుంది. ఈలోగా బండి 10 మీటర్లు పోనే పోయింది! బ్రేకు పని మొదలయ్యేది ఆ తర్వాతే. వేగం రెట్టింపయితే బ్రేకు పడ్డాక ఆగే దూరం నాలుగింతలవుతుంది. జీలుగు కల్లు తాగినవాడికి ఆ ఒక్క సెకను కూడా సాగిపోతుంది.

ఇది మన డ్రైవర్లకు తెలియదా? తెలుసు. పాడేరు ఘాట్‌లో తోలేవాళ్ళు "ఎక్కిన గేరులోనే దిగాలి, బ్రేకు వేడెక్కితే పట్టదు" అని మనకే చెప్తారు. ఇరుకు చోట దిగే బండి ఆగి, ఎక్కే బండికి దారివ్వాలనీ తెలుసు. మరి ఎక్కడ తేడా వస్తోంది? సంత రోజు జీపుల దగ్గర నిలబడి చూశాను. డ్రైవరు "ఇంక చాలు" అంటాడు. మనవాళ్ళే "ఒక్కడే గదా బావా, సర్దుకుంటాం" అంటారు. బావా అన్నాక అతను కాదనలేడు. ఎక్కేవాణ్ణి అనడానికీ లేదు. మళ్ళీ బండి ఎప్పుడో తెలీదు, చీకటి పడిపోతుంది. బస్సు రాని ఊరికి జీపు టాపే సీటు.

మోటారుసైకిలు సంగతి వేరు. అక్కడ అవసరం కన్నా గొప్ప ఎక్కువ. ముగ్గురెక్కుతారు. వెనకవాడు "ముసలోడిలా తోలుతున్నావేంట్రా" అంటాడు. ఇప్పుడు వేగం పెంచింది ఎవరు? హెల్మెట్ పెట్టుకుంటే పిరికివాడట! సరిగా పెట్టుకుంటే చనిపోయే ప్రమాదం ఆరు రెట్లకు పైగా తగ్గుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మన దగ్గర అది ట్యాంకు మీద ఉంటుంది, పోలీసులు కనబడితే తల మీదికొస్తుంది. వెనక కూర్చున్న అమ్మకు అదీ లేదు. చట్టం ప్రకారం నాలుగేళ్ళు దాటిన పిల్లలకు కూడా ఉండాలి. 2019 సవరణ తర్వాత మైనరు బండి నడిపి పట్టుబడితే తండ్రికో, బండి యజమానికో 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ళ వరకు జైలు. పదో తరగతి అన్నలు గమనించగలరు.

పెద్దవాళ్ళకు చెప్పడం కష్టమే. మా అక్క "నిదానంగా తోలు" అనదు. "మావయ్యా, నాకు వాంతులొస్తున్నాయి" అంటుంది. ఆయన పరువూ పోదు, బండీ నెమ్మదిస్తుంది. తాగినప్పుడు మాత్రం ఈ ఉపాయం పనిచెయ్యదు. అందుకని మా అమ్మమ్మ తాళం తీసి బియ్యం డబ్బాలో దాచేస్తుంది. మావయ్య కాసేపు అరుస్తాడు, అరుగు మీద పడుకుంటాడు, పొద్దున్నే లేచి తాళం అడుగుతాడు.