వాన కడగలేని మందు

మనలో చాలామందిమి రైతుల, కూలీల బిడ్డలం. పొద్దున వేరుశనగకు మందు కొట్టడం, సాయంత్రం వాన పడడం, అప్పు తెచ్చిన డబ్బు నీళ్లపాలవడం మనకు కొత్త కాదు.

ఆకులోకి ఇంకే మందులతో అంత చిక్కు లేదు. మాంకోజెబ్, కాపర్ ఆక్సీక్లోరైడ్ వంటివి ఆకు పైనే ఉండి తెగులును ఆపుతాయి. వాటినే వాన కడిగేస్తుంది.

అందుకే కొన్ని జిగురు ద్రావణాల్లో పాలిమర్ వాడతారు. చూడటానికి పాలలా తెల్లగా ఉంటుంది. పాలిమర్ నీటిలో కరగదు. పాలలో వెన్నలాగా సన్నని రేణువులుగా తేలుతుంది. నీరు ఆరేకొద్దీ ఆ రేణువులు దగ్గరై, ఒకదానికొకటి అతుక్కొని పలుచని పొరగా మారతాయి. మందు ఆ పొరలో చిక్కుకుంటుంది. మళ్లీ నీరు తగిలినా పొర సులభంగా విడిపోదు. గోడకు వేసిన ఎమల్షన్ పెయింటు ఆరాక వానకు కరగనిదీ ఇందుకే.

సబ్బునీళ్లు చాలవా అని అడిగేవారున్నారు. సబ్బు మందును ఆకుపై పరుస్తుంది, అంతే. వానకు ముందు కరిగేది సబ్బే!

పొర ఆరకముందే వాన వస్తే మాత్రం లాభం లేదు. తర్వాత పుట్టిన చిగురుకూ రక్షణ ఉండదు. ఇంకొకటి: వానకు పోనిది మన కుళాయి నీళ్లకూ తేలిగ్గా పోదు. కోతకు దగ్గరపడ్డ ఆకుకూరలపై దీన్ని వాడకూడదు.